చేతులు లేని గెలాక్సీ

ఎల్బీ నగర్ జిరాక్స్ షాపులో ప్రాజెక్టు రిపోర్టు మూడు కాపీలూ బైండింగ్ అయి చేతికొచ్చాయి. ఊరికే ఓసారి చూసుకుందామని పేజీలు తిప్పిన సంతోషి ముప్పై ఒకటో పేజీలోని గ్రాఫు దగ్గర ఆగిపోయింది. రెండు గంటలకు దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా.

ఆర్నెల్లుగా ఆమె చదివింది ఒకే ఒక్క గెలాక్సీని. ఇరవై రెండు కోట్ల కాంతి సంవత్సరాల దూరం, లక్ష కాంతి సంవత్సరాల వెడల్పు. సుడి తిరిగే చేతులేవీ కనబడక, గుడ్డు ఆకారపు గెలాక్సీ అని రాసేసింది. కానీ గ్రాఫులో, మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ వెలుగు తగ్గే గీత చివర్లో తిన్నగా సాగింది. అంటే మధ్యనున్న ఉబ్బు చుట్టూ పళ్లెంలాంటి బిళ్ల ఉంది. గుడ్డు ఆకారపు గెలాక్సీకి బిళ్ల ఉండదు; ఇది చేతులు లేకపోయినా బిళ్ల ఉన్న లెంటిక్యులర్ గెలాక్సీ. అట్ట మీది పేరే తప్పు.

బయట ఆటోలో తండ్రి జంగయ్య ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది బిడ్డా, మొకం గట్లయింది?"

"పేరే తప్పు రాసిన నాయినా. మల్ల కొట్టిచ్చే టైం లేదు. వైవాకొచ్చే సారు చూస్కోకుంటె తెల్వది."

"సారుకు తెల్వకున్నా నీకు తెల్సు గద," అంటూ ఆయన ఆటో తీశాడు.

కొత్తపేట ట్రాఫిక్‌లో ఒళ్లో కాగితం పెట్టుకుని ఆమె సవరణ రాసింది.

వైవాకు బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ శ్రీరామమూర్తి అట్ట తిప్పకముందే సంతోషి లేచి నిలబడింది.

"సార్, ఈ పేరు తప్పు సార్. గుడ్డు ఆకారం కాదు, లెంటిక్యులర్," అని సవరణ కాగితం ఆయన ముందు పెట్టింది.

పక్కనున్న గైడు ఉదయలక్ష్మి మేడం తల దించుకుంది.

"ఆర్నెల్లు ఏం చూశావమ్మా మరి?" అన్నాడు ప్రొఫెసర్.

"చేతులు లేవని ఒక్కటే చూసిన సార్. గీత తిన్నగుంటే కొలతల పొరపాటనుకున్న."

"అయితే దూరం కూడా తప్పేనా?"

"కాదు సార్. దూరం వర్ణపటం నుంచి తీసిన. సెకనుకు నాలుగు వేల ఏడు వందల కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరం పోతున్నది, ఆ వేగం నుంచే దూరం లెక్కొస్తది. ఆకారం పేరు మారినా ఆ లెక్క మారదు."

"కొత్త నక్షత్రాలు పుడుతున్నాయా?"

"చాన తక్కువ సార్. గ్యాస్ దాదాపు అయిపోయింది. ఎక్కువ ముసలి నక్షత్రాలే."

ఆయన సవరణ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"సోమవారానికి సరిచేసి ఇవ్వాలి. గ్రేడు ఒకటి తగ్గిస్తాను. పాసయ్యావు, వెళ్లు."

గేటు దగ్గర జంగయ్య ఆత్రంగా ఎదురొచ్చాడు. "ఏమన్నరు?"

"పాసైన నాయినా," అంది. ఆటోలో కూర్చున్నాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు.