చరణం ముందు ఖాళీ

తడి గాలి.

కొల్లేటి వైపు నుంచి వచ్చే గాలి — బురద వాసన, చేపల వాసన, నానిన గడ్డి వాసన.

ఆ గాలి తగిలితే సలోమికి ఊపిరి పట్టేసేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం.

అయినా పాడేది. ఏలూరులో వాళ్ళ చర్చి క్వయర్‌కి ఆమే గొంతు. ఆమె వెనక, కాస్త పక్కగా, గిటార్‌తో నెల్సన్.

నెల్సన్ ఎక్కువ వాయించేవాడు కాదు. మిగతావాళ్ళు తీగలన్నీ బరబరా గీకేస్తుంటే అతను సన్నటి రెండు తీగలే మీటి వదిలేసేవాడు. అవి మోగి, మోగి... ఆరిపోయేదాకా ఆగేవాడు. కూరలో ఉప్పు లాంటి వాయింపు. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. లేకపోతే ముద్ద దిగదు.

చరణం ఎత్తుకునే ముందు మాత్రం పూర్తిగా ఆగిపోయేవాడు. చెయ్యి తీగల మీద పరిచేసేవాడు.

ఒక్క క్షణం.

ఆ ఖాళీలో సలోమి ఊపిరి పీల్చడం మైకులో చర్చి అంతా వినిపించేది.

2001 క్రిస్మస్ ఆరాధనలో అది విని వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆరాధన అవగానే సలోమి అతన్ని నిలదీసింది.

"ఏవండీ నెల్సన్ గారూ, నా ఆయాసం ఊరందరికీ వినపడాలనేనా మీరు ఆగేది?"

అతను ఏదో చెప్పబోయాడు. సలోమికి కోపం ముక్కు మీదే ఉంటుంది. వినకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ క్వయర్‌లో పాడలేదు.

పాడడం మానేసింది. వినడం మానలేకపోయింది.

నెల్సన్ తాడేపల్లిగూడెంలో ఆర్కెస్ట్రాలో చేరాడు. పెంటపాడులో ఒక పెళ్ళికి వెళ్ళిన సలోమి షామియానా అవతలి నుంచే అతని వాయింపు పోల్చుకుంది. సినిమా పాట, డ్రమ్ముల మోత — అడుగున ఎక్కడో ఆ రెండు తీగలు. చరణం ముందు ఆ ఖాళీ. ఆమె చేతిలో ఐస్‌క్రీం కరిగి చీర మీద పడింది.

తర్వాత అతను సొంత బృందం పెట్టి భక్తి పాటల క్యాసెట్లు చేశాడు. అన్నీ కొంది, చెల్లెలి కోసమని చెప్పి. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్ళు కొట్టేసిన ఏడాదికి సీడీలొచ్చాయి. అవీ కొంది.

ఎంత బాగుండేవో! అత్తిలి నుంచి ముదినేపల్లి దాకా గిటార్ పట్టినవాళ్ళంతా అలాగే వాయించసాగారు. అంత తక్కువగా. అక్కడే ఆగుతూ.

ఒక్క మాట చెప్పాలనుకుంది — బాగుందండీ, అని. ముందు ఆయనే పలకరించాలి కదా, అనుకుంది. ఏళ్ళ తరబడి అనుకుంది.

2008 వానాకాలంలో నెల్సన్ కామెర్లతో పోయాడు.

జ్ఞాపకార్థ కూడికలో అతను పనిచేసిన బృందాలన్నీ కలిసి వాయించాయి. చరణం ముందు అందరి చేతులూ ఒక్కసారే ఆగాయి.

సలోమికి ఆ పాత మంట మళ్ళీ రేగింది. బాలస్వామిని బయటికి పిలిచింది. నెల్సన్ ఎక్కడికెళ్ళినా పక్కన తబలా వాయించింది ఆయనే.

"అందరూ అక్కడే ఎందుకు ఆగుతారండీ?"

"నెల్సన్ గారు నేర్పిందేనండి. ఆగకపోతే ఊరుకునేవారు కాదు. ఆగండయ్యా, సలోమి గారు ఊపిరి తీసుకోవాలి, అనేవారు."

"ఆర్కెస్ట్రాలో నేను లేను కదండీ..."

"మేమూ అదే అనేవాళ్ళమండి." బాలస్వామి తల దించుకున్నాడు. "ఎప్పుడైనా వస్తే ఆవిడకి ఆ ఖాళీ ఉండాలి కదయ్యా, అనేవారు."

లోపల ఇంకో పాట ఎత్తుకున్నారు. చరణం దగ్గరపడుతోంది. ఇప్పుడు ఆగుతారు. ఆమె కోసమే ఆగుతారు.

సలోమి గుమ్మంలో నిలబడి ఉంది —

గాలి అందడం లేదు...