కార్డు మీద లేని చేతులు

బీడీలు చుట్టే ఆడవాళ్లను చూసేవాళ్లందరూ వాళ్ల చేతులనే చూస్తారు. అవి అంత వేగంగా ఆడతాయి మరి. ఒళ్లో ఆకూ పొగాకూ పెట్టుకున్న చాట కింద మడుచుకుని ఉన్న కాళ్లను ఎవరు పట్టించుకుంటారు? డాక్టర్ జీవన్ పట్టించుకున్నాడు. జగిత్యాలలో గుండె, రక్తనాళాల జబ్బులు చూసే డాక్టరు ఆయన. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నడక మందగిస్తుందనీ, ఒక్కోసారి గడ్డకడుతుందనీ, ఆ గడ్డ పైకి కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి ప్రాణం మీదికి వస్తుందనీ ఆయనకు బాగా తెలుసు. మరి రోజూ అలా కూర్చునే బతికే మన ఆడవాళ్లకు ఆ ముప్పు ఎంత? ఆయన తిరగేసిన పుస్తకాల్లో ఆ లెక్క దొరకలేదు. సరే, మనమే తీద్దామని పరిశోధన మొదలుపెట్టాడు. కోరుట్లలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, సిరిసిల్లలో నిలబడి మరమగ్గాలు నడిపేవాళ్లు, వీళ్లతో పోల్చి చూడటానికి అవే వాడల్లో ఏ పనీ చేయని గృహిణులు.

కోరుట్ల వాడలు తిరిగే పని వనితకు దొరికింది. పెళ్లికి ముందు ఇంటర్ చదివింది, పెళ్లయ్యాక ఆ చదువు సంగతి తనే మరిచిపోయింది. ముప్పై నాలుగేళ్ల వయసులో మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, సంచిలో కాళ్లు కొలిచే టేపు పెట్టుకుని బయల్దేరిన మొదటి రోజు, ఆమె అత్త భూమవ్వ వాకిట్లో నిలబడి వాడంతా వినేలా, "మా కోడలు డాక్టర్ల దగ్గర నౌకరి జేస్తున్నది" అని చాటింది. ఆ వెంటనే దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "జల్ది రా. చాట కాడ ఆకు నానబెట్టి ఉంచుత" అంది.

భూమవ్వది ఆ వాడలో చిన్న పేరు కాదు. రోజుకు వెయ్యి చుట్టేది కాబట్టి వెయ్యి బీడీల భూమవ్వ అంటారు. కంపెనీ తరఫున ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు ఎందరి కట్టలనో విప్పి, వంకలు పెట్టి పక్కన పడేసేవాడు గానీ భూమవ్వ కట్ట మీద మాత్రం ఎన్నడూ చెయ్యి వేయలేదు. కంపెనీ పని ఇచ్చేది బీడీ కార్డు ఉన్నవాళ్లకే, ముప్పై ఏళ్లుగా ఆ కార్డు ఆమె పేరు మీదే ఉంది. అయితే ఐదేళ్ల కింద ఆమెకు చూపు మసకబారింది, వేళ్లు మాట వినడం మానేశాయి. అప్పటినుంచి ఆ వెయ్యి బీడీలూ చుట్టేది వనిత. కార్డు భూమవ్వది, పేరూ భూమవ్వదే. ఈ సంగతి గడప దాటలేదని అత్తాకోడళ్ల నమ్మకం. నిజానికి వాడలో సగం ఇళ్లలో ఇదే జరుగుతోంది కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు, అంతే.

ఫారంలో మొదటి ప్రశ్నే అది. బీడీ కార్డు ఉందా? ఉంటే బీడీ కార్మికురాలు. లేకపోతే గృహిణి. వనిత ఆ ప్రశ్న దగ్గర మొదటి రోజు కొంచెం ఆగింది. ఫారం రాసింది పెద్ద చదువులు చదివినవాళ్లు, మధ్యలో నేనెవరు అనుకుంది. నాలుగు నెలలు ఎండనక వాననక తిరిగి రెండు వందల మంది కార్డున్న ఆడవాళ్లను, రెండు వందల మంది గృహిణులను రాసుకుంది. మోకాలి కింద నాలుగు వేళ్లు దిగి, రెండు పిక్కల చుట్టుకొలతా తీసుకుంది. వాపు ఉందా, నరాలు ఉబ్బాయా, ఆయాసం వస్తుందా, అన్నీ అడిగింది. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు.

ఆ తర్వాత జగిత్యాలలో మీటింగు. సిరిసిల్లలో తిరిగిన దీప లెక్కలు అద్దంలా ఉన్నాయని డాక్టరు మెచ్చుకున్నాడు. ఉండవా మరి, మగ్గం ముందు ఎవరు నిలబడితే వాళ్లే మగ్గం నడిపేది, అందులో దాచడానికి ఏముంది? కోరుట్ల లెక్కలు తెర మీద వేస్తే మాత్రం వింతగా ఉన్నాయి. కాళ్ల జబ్బు గుర్తులు బీడీ కార్మికుల్లో తక్కువ, గృహిణుల్లో ఎక్కువ.

"దీని లెక్క ప్రకారం బీడీలు చుట్టుడు కాళ్లకు మంచిదన్నట్టు" అన్నాడు వెనక కూర్చున్న కుర్ర డాక్టరు. ఒకరిద్దరు నవ్వారు.

జీవన్ నవ్వలేదు. మీటింగు అయ్యాక వనితను పక్కకు పిలిచాడు. "వనితమ్మా, తప్పుగా అనుకోకు. ఫారాలు ఇంట్ల కూసొనిగిన నింపలేదు గదా?"

వనిత మొహం మాడిపోయింది. "లేదు సార్. ఒక్కొక్క కాలు నా చేతులతోని కొల్చిన" అని మాత్రం అనగలిగింది.

"నమ్ముత. గని గిది ఎవరికీ చూపెట్టలేం. నెల టైమిస్త, మళ్ల చూడు. గప్పటికీ గిట్లనే ఉంటే కోరుట్లను తీసేసి సిరిసిల్ల లెక్కలొక్కటే అచ్చుకు పంపుత. వేరే దారి లేదు."

కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్న వనితకు ఒళ్లంతా మండింది. కారణం ఆమెకు తెలియకనా? గృహిణి అని తను రాసినవాళ్లలో సగం మందికి పైగా ఒళ్లో చాట ఉంది. కార్మికురాలు అని రాసిన ముసలమ్మలు ఆ పక్కనే కూర్చుని ముచ్చట్లు పెట్టారు. తెలిసి తెలిసి రాసింది తనే. ఇప్పుడు కోరుట్లను తీసేస్తే, ఇన్ని వందల మంది కాళ్లు పాడైపోతున్న సంగతి ఏ కాగితం మీదికీ ఎక్కదు. పైగా దొంగ ఫారాలు నింపిందన్న మాట తన మెడకు చుట్టుకుంటుంది.

ఇంటికి రాగానే అత్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. "నువ్వు చెప్తే వాడంత చెప్తది అత్తా. కార్డు నాదే గని చుట్టేది కోడలని ఒక్క మాట అను."

భూమవ్వ అంతెత్తున లేచింది. "అంటే? గిన్నేండ్లు నేను సంపాయించిన పేరు తీస్కపొయ్యి నీ ట్యాబుల ఏస్తవా? రేపు టేకేదారు కార్డు గుంజుకుంటే ఎవడిస్తడే? ఇజ్జత్ పోయినంక ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె నేను?"

"కాయిదం మీద పేర్లుండయి అత్తా, నంబర్లే ఉంటయి."

"నంబర్లు నాకద్దు" అని భూమవ్వ అటు తిరిగి కూర్చుంది. రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఆకు మాత్రం నానబెట్టి ఉంచింది.

మూడో రోజు పొద్దున వనిత ముత్తమ్మ ఇంటికి వెళ్లింది. ముత్తమ్మ కార్డున్న మనిషి. కోడలు వర్షకు ఇరవై ఆరేళ్లు, ఫారంలో గృహిణి. ఆ పిల్ల చాట ముందు కూర్చుని గోడకు ఆనుకుని, గాలి అందనట్టు ఎగశ్వాస తీస్తోంది. నుదుటి మీద చెమట. ఎడమ కాలు కళ్లతో చూసినా తెలిసేంత వాచి ఉంది. వనిత టేపు తీసి కొలిచింది. కుడి కాలి కంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ.

"నిన్నటి సంది గట్లనే ఉన్నది. పైత్యం జేసిందేమో" అంది ముత్తమ్మ.

"పైత్యం గాదు, లే!" అని వనిత అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఫోన్లో జీవన్‌కు చెప్పింది. వర్షను నడవనివ్వొద్దు, పడుకోబెట్టే తీసుకురమ్మన్నాడు ఆయన. అంబులెన్సు జగిత్యాల చేరేసరికి పిల్ల పెదవులు నల్లబడ్డాయి. స్కానింగులో ఊపిరితిత్తుల్లో గడ్డ కనిపించింది. రక్తం పలచబడే మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి ఊపిరి కుదురుకుంది.

బయటికి వచ్చిన జీవన్ చేతిలో వర్ష ఫారం ఉంది. "గంట ఆలస్యమైతే దక్కకపోతుండె. గని ఎందుకు గడ్డకట్టిందో సమజైతలేదు. పని ఏం చెయ్యదని రాసి ఉన్నది. పొద్దంత ఇంట్ల ఏం చేస్తదమ్మా?"

ముత్తమ్మ తల దించుకుంది. ఆమె నోరు తెరవదని వనితకు తెలుసు, తెరిస్తే కార్డు పోతుందన్న భయం. అయినా ఇంకా ఎంతకాలం? వనిత ఆయన్ను లోపలికి రమ్మని, మంచం దగ్గరికి వెళ్లి వర్ష కుడిచేతిని సెలైన్ తగలకుండా పైకెత్తింది. బొటనవేలి మొదట్లో కత్తెర రాసుకుని కాసిన కాయ, చూపుడువేలి కొసన కడిగినా పోని తంబాకు రంగు.

"సార్, తప్పు ఫారంల ఉన్నది. కార్డు ఉన్నదా అని అడుగుతున్నం. అత్త పేరు మీద కోడలు చుడుతది మా దగ్గర. కార్డు చూడొద్దు సార్, చేతులు చూడాలె."

జీవన్ ఆ కాయను వేలితో తడిమి చూశాడు. తర్వాత, "మూడేండ్ల సంది నేను రాసుకున్న ప్లాను ఇది. గీ మాట నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు" అన్నాడు. మంచి డాక్టరు కాబట్టి తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. కార్డు ప్రశ్న తీసేసి, పేర్లు లేకుండా నంబర్లతోనే కొత్త ఫారాలు వేయిద్దామనీ, వచ్చే ఆదివారం కోరుట్ల బడిలో క్యాంపు పెడదామనీ అన్నాడు.

ఇంటికి వచ్చిన వనిత చాట ముందు కూర్చోబోయింది. భూమవ్వకు వర్ష సంగతి అప్పటికే తెలిసిపోయింది. "ఆగు" అంది. రెండు రోజుల తర్వాత కోడలితో ఆమె అన్న మొదటి మాట అది. "అందరి కాళ్లు కొల్చినవు. నీది కొల్చుకున్నవా?"

వనిత తెల్లబోయింది. నాలుగు వందల మందిని కొలిచింది గానీ ఆ ఆలోచనే రాలేదు. భూమవ్వ టేపు లాక్కుని నేల మీద కూర్చుంది. అంకెలు కనబడవు, అయినా టేపు చుట్టి బొటనవేలితో గుర్తు పట్టుకుంది, రెండో కాలికి చుట్టి ఆ గుర్తు దగ్గర తడిమింది. పెద్ద తేడా లేదు. కానీ ఉబ్బిన నరాలు ఆమె వేళ్లకు తగిలాయి. వేలితో వాటి వెంట మడమ దాకా పోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పాలె అత్తా? ఎవరికి లేవు?"

భూమవ్వ లేచింది. చాట ఎత్తి అటకెక్కించింది. ఆ వారం ఆ ఇంటి నుంచి కంపెనీకి ఒక్క కట్ట కూడా పోలేదు.

ఆదివారం బడిలో దీప కూడా సిరిసిల్ల నుంచి వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఆడవాళ్లు వచ్చారు గానీ పాత పద్ధతిలోనే నిలబడ్డారు. కార్డున్నవాళ్లు ఒకవైపు, లేనివాళ్లు ఒకవైపు. చేతులు చూపమంటే కొంగుల్లో దాచుకున్నారు. "మాకేం పనుంటదమ్మా, వండుకుంటం, తోముకుంటం" అంది ఒక కోడలు, గోళ్ల నిండా తంబాకు పెట్టుకుని. వనితకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు భూమవ్వ వచ్చింది. వాళ్లను వీళ్లను తోసుకుంటూ నేరుగా దీప ముందుకు వెళ్లింది.

"మీ పనేందమ్మా?" అని అడిగింది దీప.

"ఏం పని లేదు. కూసొని తింటున్న" అంది భూమవ్వ. బడి ఆవరణంతా వినబడింది ఆ గొంతు. "ఐదేండ్లాయె నేను బీడీ ముట్టక. కార్డు నాది, కష్టం నా కోడలిది. వెయ్యికి వెయ్యి అదే చుడుతది. రాసుకో బిడ్డా. టేకేదారు అడిగితే నా దగ్గరికి పంపు, నేను చెప్త." తర్వాత వెనక్కి తిరిగి, "ఏం ముత్తమ్మా, నీ కోడలు సచ్చి బతికింది. ఇంకెవ్వలన్న సావాల్నా? మనం పేరు తిన్నం, వాళ్లు కాళ్లు పోగొట్టుకుంటున్నరు. జరుగుండ్రి అటు!" అంది.

ముత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ మొదట జరిగింది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే వరసలు కలిసిపోయి మళ్లీ విడిపోయాయి, ఈసారి చుట్టేవాళ్లు ఒకవైపు, చుట్టనివాళ్లు ఒకవైపు. సాయంత్రానికి రెండు వందల మంది గృహిణుల్లో నూట ముప్పై ఒక్కమంది బీడీ కార్మికులని తేలింది. వేలు నొప్పి పుట్టేదాకా ట్యాబులో రాసింది వనిత, అంత తృప్తిగా ఆమె ఎప్పుడూ ఏ పనీ చేయలేదు.

రెండు నెలలకు జగిత్యాలలో సభ పెట్టారు. లెక్క తలకిందులైంది, అంటే నిటారుగా నిలబడింది. కార్డు ఎవరిదైనా సరే, చేతులతో చుట్టేవాళ్ల కాళ్లలో జబ్బు గుర్తులు చుట్టనివాళ్ల కంటే మూడింతలు ఉన్నాయి. గంటకోసారి లేవండని చెబితే చాట ముందు గడియారం ఎవరూ చూడరని వనిత చెప్పిన మీదట, గంటలో అయ్యేవి నాలుగు కట్టలు కాబట్టి నాలుగు కట్టలకోసారి లేచి వాకిలి దాకా నడవాలని సలహా రాశారు. ఆ మాట యథాతథంగా పెద్ద తెర మీద పడింది. మందులు వాడుతూ కోలుకున్న వర్ష ముందు వరసలో కూర్చుని ఆ వాక్యాన్ని పైకి చదివి అత్తకు వినిపించింది.

"ఈ పద్ధతి కనిపెట్టింది మా కోరుట్ల పరిశోధకురాలు వనిత" అని జీవన్ మైకులో పిలిచాడు. వనిత చీర కుచ్చిళ్లు సర్దుకుని వేదిక ఎక్కింది. డాక్టర్లు చప్పట్లు కొట్టారు.

మూడో వరసలో భూమవ్వ లేచి నిలబడింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది. వేదిక మీద కోడలి మొహం ఆమెకు మసకగానే కనబడుతోంది, అయినా అటే చూస్తూ చెప్పింది. "సారూ, ఒకటి ఇడిసిపెట్టిండ్రు. ఆమె బీడీ కార్మికురాలు గూడ. గది గూడ చెప్పుండ్రి."

జీవన్ మైకు దగ్గరికి లాక్కుని, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.