సంచారి గారి మకాం

మా తమ్ముడు ఉద్యోగం మానేసి డిజిటల్ సంచారి అయ్యాడు. అంటే ఏమిటో మీకు తెలియకపోతే కంగారు పడకండి, వాడికీ తెలియదు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే లాప్‌టాప్ తెరుచుకుని, ఎవరి కిందా చేతులు కట్టుకు నిలబడకుండా దర్జాగా సంపాదించుకోవచ్చని ఎవరో గడ్డమాయన వీడియోల్లో చెప్పాడట. ఆ గడ్డమాయన మాత్రం ఏ వీడియోలోనూ కుర్చీలోంచి లేవలేదు.

వీడి సంచారం పిన్ని ఇంట్లో మొదలైంది. అక్కణ్ణించి ఇంకో బాబాయి ఇంటికి, బాబాయి మొహం మాడ్చుకున్నాక మా ఇంటికి చేరింది. ఎక్కడికి వెళ్లినా వేళకి భోజనం, ఉతికిన దుప్పటి. ప్రపంచం చుట్టేస్తానన్నవాడు చుట్టాల ఇళ్లు దాటలేదు.

వచ్చీ రాగానే వెనక గదిలోకి తొంగి చూసి, "ఇది బావుందక్కా. తలుపేసుకుంటే చప్పుడుండదు" అన్నాడు.

"అందులో నేను పని చేసుకుంటాన్రా."

"నీదేముందక్కా, ఇంట్లో పనేగా! ఎక్కడైనా చేసుకోవచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను చేసేది ఇంట్లోనే గానీ ఇంటిపని కాదు. మన సినిమాల్లో మాటలకి ఇంగ్లీషులో రాసే సబ్‌టైటిళ్లలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి చేస్తున్నాను. మాట వెనక విసుగుందో వెటకారముందో చెవికి తెలియాలి, అందుకే నాకా గది. మా ఆయన మాత్రం ఎవరడిగినా "ఇంట్లో ఊరికే ఉండలేక ఏదో చేస్తుంటుంది" అంటారు. ఊరికే ఉండటం ఎలా ఉంటుందో నేనింతవరకూ ఎరగను.

"కుర్రాడు, ఇప్పుడే మొదలుపెడుతున్నాడు. కాస్త సర్దుకో" అన్నారు ఆయన. సర్దుకున్నాను. నా కుర్చీ వంటగదిలోకి వచ్చింది. ఒక పక్క మిక్సీ, ఒక పక్క కుళాయి, మధ్యలో నేను. హీరోయిన్ గుసగుసల కన్నా పక్కింటివాళ్లు గోడకి కొట్టే మేకులే స్పష్టంగా వినిపించేవి. తప్పులు నా కళ్లుగప్పి వెళ్లిపోయాయి. మా టీమ్ లీడర్ ఫోన్ చేసి, "మీ పనికి వంక పెట్టాల్సి వస్తుందనుకోలేదండీ. మళ్లీ ఇలా జరిగితే మీ ఫైళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తాం" అంది. ఆవిడ అంత మర్యాదగా అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతకీ గదిలో దొరగారు ఏం చేస్తున్నారు? ఫొటో దిగుతున్నారు. కిటికీ ముందు కాఫీ కప్పు, కప్పు పక్కన లాప్‌టాప్, దాని వెనక సంచారి గారు. కప్పు నాది, కాఫీ నేను పెట్టింది. ఫొటోలో పడతాయని ఆరేసిన బట్టలు నా చేతే తీయించాడు, అవింకా తడిగానే ఉన్నాయి. ఫొటో కింద "స్వేచ్ఛే నా ఆఫీసు" అని రాసుకున్నాడు. ఆ స్వేచ్ఛ చూసి పని ఇచ్చిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

"ఒక్క పని తగలనీ అక్కా, మర్నాడే సముద్రం ఒడ్డున గది తీసుకుంటా" అన్నాడోసారి. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. మా కంపెనీ సబ్‌టైటిళ్లు రాయడానికి ఫ్రీలాన్సర్లని తీసుకుంటోందనీ, పరీక్ష రాయమనీ చెప్పాను.

"మీ కంపెనీయా!" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడుగానీ రాశాడు.

ఆ పరీక్షలో ఒక్కొక్కరికీ ఒక్కో సినిమా ముక్క ఇస్తారు. వాడి ముక్క ఒక మధ్యాహ్నమంతా తలుపు అవతల మోగింది. కొన్నాళ్లకి అదే ముక్క దిద్దడానికి నా దగ్గరికొచ్చింది. రాసిందెవరో మాకు చెప్పరు, దిద్దిందెవరో వాళ్లకి చెప్పరు. నా వల్ల కాదని తిప్పి పంపేద్దామనుకున్నాను. కానీ అసలే నా పేరు చెడి ఉంది.

అందులో ఒకాయన గుమ్మంలో నిలబడి భార్యతో "వస్తాను" అంటాడు. ఆవిడ "వెళ్లిరండి" అంటుంది. ఆ మనిషి మళ్లీ రాడు. దానికి మావాడు "ఐ యామ్ కమింగ్" అని రాశాడు. అంటే బయటికి వెళ్తున్నవాడు లోపలికి వస్తున్నాడన్నమాట! మాటలొచ్చిన నాటి నుంచీ వీడూ ఆ మాట అనే కదా ప్రతి ఇంటి గుమ్మం దిగింది! అనువాదాల మెషిన్‌లో పడేసి, అది కక్కినదాన్ని తుడవనైనా తుడవకుండా పంపేశాడు. పొరుగావిడ తల ప్రాణం తోకకొచ్చిందంటే పాపం ఆవిడకి నిజంగానే తోక మొలిపించాడు. "నీ మొహం!" అని ఎవరో విసుక్కుంటే "యువర్ ఫేస్!" అన్నాడు.

పాస్ చేస్తే పీడా పోతుంది. గది నాకొస్తుంది, ఉద్యోగం నిలబడుతుంది. ఫెయిల్ చేస్తే వాడు నా గదిలో, నేను కుళాయి పక్కన. మనసు పాస్ వైపే లాగింది, అబద్ధమెందుకు. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మొహం ఇంకోసారి చూశాను. ఆ మొహం కింద ఈ రాత పెట్టి లోకమంతా నవ్వుతుంటే చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఫెయిల్ చేశాను. "రాసినవారికి అక్షరాలు వచ్చు, వినడం రాదు" అని కింద రాశాను.

ఆదివారం భోజనాల దగ్గర వాడు ఫోన్ తీసి ఆ మాట చదివి వినిపించాడు.

"చూశారా బావా! ఎవడో పనీపాటా లేక ఇంట్లో కూర్చున్న ముసలాడు, నాకు వినడం రాదంటాడు!"

దాంతోపాటు వచ్చిన తప్పుల జాబితా మా ఆయన కూడా చూసి నవ్వారు. "ఏమాటకామాటే చెప్పుకోవాలి బామ్మర్దీ, బాగానే పట్టుకున్నాడు. గట్టివాడే."

"వాడు కాదు," అన్నాను. "నేను."

ఫ్రిజ్ మాట్లాడినట్టు చూశారిద్దరూ. ముందు తేరుకున్నది మా తమ్ముడే. వాడి మొహం వెలిగిపోయింది.

"అయితే ఇంకేం! పాస్ అని మార్చేయ్ అక్కా. మనింట్లో పనేగా!"

"మార్చెయ్యరాదూ," అన్నారు మా ఆయన. "తమ్ముడేగా. నీ గది కూడా నీకొస్తుంది."

నీ గది! అది నాదేనని ఈయనకి తెలుసన్నమాట. నేను కుళాయి పక్కన మాటలు పడుతున్నన్నాళ్లూ తెలుసు. మా తమ్ముడు ఉత్త వెధవ, వాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ. ఈయన మీద మాత్రం నాకు అసహ్యం వేసింది.

లేచి చేయి కడుక్కున్నాను. సంచారి గారి బ్యాగు, లాప్‌టాప్, చెప్పులు తెచ్చి వంటగదిలో మిక్సీ పక్కన పెట్టాను. నా కుర్చీ తీసుకుని గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను.

మా ఆయన తలుపు తట్టారు. "తింటూ తింటూ లేచిపోవడమేంటి? బయటికి రా."

"ఆఫీసులో ఉన్నాను," అన్నాను. "సాయంత్రం మాట్లాడదాం."

అవతల మా తమ్ముడు గొంతు తగ్గించి, "బావా, మావయ్య వాళ్లింట్లో గది ఖాళీగా ఉందా?" అని అడగటం వినిపించింది.