మెట్ల మీద వ్యంగ్యం

ఈ సంగతి ఇప్పుడు మాస్టారే నలుగురికీ చెప్పుకుని నవ్వుతారు. జరిగిన రోజున మాత్రం ఆయనకు నవ్వు రాలేదు.

ముప్పై రెండేళ్లు బళ్లో భాష చెప్పి రిటైరయిన మనిషి. ఏ మాటనైనా ఉన్నదున్నట్టు అనేయడం మొరటుతనమని ఆయన గట్టి నమ్మకం. టీ చల్లారిపోతే "చల్లారిపోయింది" అనరు. "ఎండలు ముదిరాయి కదా, బాగా ఆలోచించావోయ్" అంటారు. "అవునండీ" అని భార్య తన పనిలో పడిపోయేది. మాస్టారు ఆ చల్లటి టీయే తాగేవారు.

అలాంటి మనిషిని అపార్టుమెంటువాళ్లు ఏరికోరి సెక్రటరీని చేశారు. ఏరికోరి అన్నది ఆయన మాట. నిజానికి ఆ మీటింగుకి టైముకి వచ్చింది ఆయనొక్కరే.

ఐదంతస్తులు, ఇరవై ఇళ్లు. రోజూ పొద్దున ఏడింటికి పిన్ని వచ్చి మెట్లు ఊడ్చి, ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకెళ్తుంది. పిన్ని అంటే ఎవరి పిన్నీ కాదు. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఏడింటికి తలుపు తీయని మహానుభావులు తరవాత తీరిగ్గా లేచి, చెత్త సంచులు మెట్ల మలుపులో పెట్టి పోయేవారు. గేటు పక్కన డ్రమ్ము ఉంది గానీ, అందాకా వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రావు. "మెట్ల మీద చెత్త వేయరాదు" అని పాత సెక్రటరీ అంటించిన కాగితం గోడ మీదే పసుపుపచ్చగా మారిపోయింది.

"ఇదేం భాష! కొరడాతో కొట్టినట్టుంది. మనుషులకి చురుక్కుమనేట్టు చెప్పాలి గానీ" అంటూ మాస్టారు దాన్ని పీకేసి, రెండు రోజులు కూర్చుని, పదకొండు సార్లు కొట్టేసి, చివరికి ఇలా రాశారు:

"సహృదయులకు విజ్ఞప్తి. చెత్తను ఇంట్లో దాచుకుని అవస్థ పడకండి. మెట్లు ఉన్నది అందుకే. మీ వంటింటి విశేషాలు అందరికీ తెలియనివ్వండి. డ్రమ్ము దాకా నడిచి మీ అమూల్యమైన పాదాలను నొప్పించుకోకండి. ఇట్లు, సెక్రటరీ."

భార్యకు చదివి వినిపించారు. "అందరికీ అర్థమవుతుందంటారా?" అందావిడ.

"పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. వ్యంగ్యమోయ్, వ్యంగ్యం!"

"ఊఁ" అందావిడ. మాస్టారు దాన్ని మెప్పు కింద జమ వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగబోయిన మాస్టారికి మెట్లు కనిపించలేదు. సంచులు, అట్టపెట్టెలు, రెండో అంతస్తు మలుపులో అయితే ఏకంగా ఓ పాత పరుపు. దాన్ని గోడకి ఆనిస్తున్న ఆ అంతస్తు టాక్సీ డ్రైవరు చేతులు దులుపుకుని, "ఇన్నాళ్లకి మా బాధ తెలిసిన సెక్రటరీ వచ్చారు సార్" అన్నాడు మనస్ఫూర్తిగా.

కింద మొదటి మెట్టు మీద పిన్ని చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారిని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"మీ రాతలో ఎంత బలముందండీ మాస్టారూ! పదేళ్లుగా నేను నోరు నొప్పెట్టేలా చెప్పినా కదలని జనం, మీరు నాలుగు ముక్కలు రాసేసరికి ఎలా కదిలారో చూడండి. చదువంటే చదువేనండీ."

మాస్టారి గుండె కాస్త కుదుటపడింది. పైకెళ్లి, "జనం మాటెలా ఉన్నా, పిన్ని మాత్రం నా రాతని తెగ మెచ్చుకుందోయ్" అన్నారు.

భార్య స్టవ్వు కట్టేసి, గోడ పట్టుకుని మరీ నవ్వింది. ఎందుకు నవ్వుతోందో అర్థం కావడానికి ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది. ముప్పై రెండేళ్లు వ్యంగ్యం అంటే ఏమిటో ఉదాహరణతో వివరించమని పరీక్షల్లో ప్రశ్నలిచ్చిన మనిషి! సొంత తెలివి మీద ఆయనకే జాలేసింది. చొక్కా చేతులు మడుచుకుని గబగబా కిందికి దిగారు.

"నేనూ ఓ చెయ్యి వేస్తాను పిన్నీ."

"మీకెందుకండీ శ్రమ? రాసుకునే పనుంటుంది" అంది పిన్ని.

ఈసారి వెంటనే అర్థమైంది. రెండు సంచులు అందుకున్నారు.

కానీ పిన్ని డ్రమ్ము వైపు వెళ్లలేదు. ఒక్కో సంచీ విప్పి చూసి, ఒక్కో వస్తువు పైకి తీసి పెట్టుకుంది. తరవాత మూడో అంతస్తులో జిమ్ము కోచ్ తలుపు కొట్టింది. తీపి విషమని అపార్టుమెంటంతటికీ పాఠాలు చెప్పే మనిషి అతను.

"బాబూ, ఈ కేకు డబ్బాలు నాలుగూ గట్టిగా ఉన్నాయి. పొరపాటున పడేశారేమోనని తెచ్చాను" అంది ఎంతో వినయంగా. కోచ్ అటూ ఇటూ చూసి, డబ్బాలు లాక్కుని తలుపేసుకున్నాడు.

నాలుగో అంతస్తులో తలుపు తీసింది అల్లుడు. వెనకాలే అత్తగారు.

"ఈ స్వెట్టరు చూడండి బాబూ, చేత్తో అల్లింది. ఎంత పనితనం! పాపం, ఎలా చెత్తలో కలిసిపోయిందో" అంది పిన్ని. అత్తగారు ఆ స్వెట్టరు వైపు చూసింది. తరవాత అల్లుడి వైపు చూసింది. మాస్టారు సంచులతో సహా రెండు మెట్లు వెనక్కి తగ్గారు.

ఎక్కడా పిన్ని గొంతు పెంచలేదు. మెట్ల మీద ఎందుకు పెట్టారని ఒక్కరినీ అడగలేదు. మాస్టారు వెనకాలే సంచులు మోస్తూ కొత్తగా బళ్లో చేరినవాడిలా నోరు తెరుచుకుని చూశారు. ఆ ఆనందంలో ఐదో అంతస్తు చేరేసరికి అది తన సొంత తలుపేనన్న సంగతి కూడా కాస్త ఆలస్యంగా తోచింది.

"ఇవి మీ చేతిరాతలా ఉన్నాయి మాస్టారూ" అంటూ పిన్ని నలిగిన కాగితాలు పదకొండు ఆయన చేతిలో పెట్టింది.

"మన సంచి మెట్ల మీదికి ఎలా వెళ్లింది?" అన్నారాయన గుమ్మంలో నిలబడ్డ భార్యతో.

"సెక్రటరీ ఇంటివాళ్లం, మనమే పాటించకపోతే బాగుండదని నేనే పెట్టానండీ" అందావిడ.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు కాసేపు కాగితాల వంక చూసి, ఆ ఇద్దరికంటే గట్టిగా తానే నవ్వేశారు.

వారం తిరిగేసరికి మెట్లు అద్దంలా ఉన్నాయి. నెలాఖరు మీటింగుకి ఈసారి అందరూ వచ్చారు. ఒక్క నోటీసుతో అపార్టుమెంటు రూపురేఖలు మార్చేశారని ప్రెసిడెంటు మాస్టారిని ఆకాశానికెత్తేశాడు.

మాస్టారు లేచారు. ఆలోచించి ఆలోచించి, ఏ వంకరా లేకుండా తిన్నగా చెప్పారు:

"నా నోటీసు ఎందుకూ పనికిరాలేదండీ. దానివల్ల చెత్త పెరిగింది. మెట్లు బాగుపడింది పిన్ని తెలివివల్ల."

హాలంతా గొల్లున నవ్వింది. "అబ్బ, మాస్టారి చమత్కారమే చమత్కారం!" అంటూ చప్పట్లు కొట్టారు. కోచ్ అయితే కళ్లు తుడుచుకున్నాడు.

"నిజమేనండీ బాబూ!" అన్నారు మాస్టారు.

వాళ్లు ఇంకా నవ్వారు.