లోపల కుందేలు

ఆ పిల్లని బడిలో అందరూ మూగమ్మ అనేవాళ్ళు. నిజానికి మూగదేం కాదు. ఇంట్లో వాగుడుకాయ. కాకపోతే ఆ వాగుడు బడిలో చెల్లేది కాదు.

వాళ్ళమ్మ ఇస్త్రీ దుకాణంలో, నాన్న ఐసు ఫ్యాక్టరీలో. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకి గానీ ఇల్లు చేరరు. పిల్లని సాకింది నానమ్మ. ఆవిడకి తన భాష తప్ప ఇంకోటి రాదు. ఆ భాష మాట్లాడే కుటుంబాలు ఊరు మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ ఈ ఊరి మనిషి, ఆమెది బడి భాషే. ఆ పిల్లకి ఆకలి, నిద్ర, నొప్పి, భయం అన్నీ ముందు నానమ్మ మాటల్లోనే వచ్చాయి. అమ్మ భాష తరవాత అతుకులు అతుకులుగా అంటుకుంది.

బడిలో చేరిన కొత్తలో పక్కపిల్లని ఏదో అడిగింది, నానమ్మతో మాట్లాడినట్టే. క్లాసంతా గొల్లుమంది. అప్పటి టీచరు చెవి మెలేసి, "ఈ కాకిగోల ఇక్కడ పనికిరాదు" అంది. సాయంత్రం సంగతి విన్న నాన్న బడిని ఒక్క మాట అనలేదు. తన తల్లి మీద పడ్డాడు.

"అమ్మా, దానితో ఆ మాటలు మాట్లాడకు. నేను పడ్డది చాలు."

నానమ్మ బుద్ధిగా తలూపింది. కొడుకు గడప దాటగానే మళ్ళీ మొదలెట్టింది. అలా కొన్నాళ్ళు దొంగతనంగా సాగింది. పిల్ల ఒకటో తరగతిలో ఉండగా ఆవిడ పోయింది. ఇక ఇంట్లో ఆ భాష ఎవరి నోటా రాలేదు. నాన్న మాట్లాడడు, అమ్మకి రాదు. పిల్ల నోరు మూతపడింది.

మరుసటి ఏడు రెండో తరగతికి కొత్త టీచరు వచ్చింది. మంచి మనిషి, చురుకైన మనిషి. ఏ పనైనా నెత్తికెత్తుకుంటే దింపదు. ఆవిడ వచ్చిన కొద్దిరోజులకే, సముద్రం అవతలి ఒక చిన్న బడితో జట్టు కట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రెండు బడుల పిల్లలూ ఆరోగ్యపు అలవాట్లు నేర్చుకోవాలి. తమ చుట్టుపక్కల కనుమరుగవుతున్న చిన్న భాషని నాలుక మీదికి తెచ్చుకోవాలి. ప్రతి బుధవారం తెర మీద కలుసుకుని ఒకరికొకరు చెప్పుకోవాలి.

"పరుగులంటే పెట్టిద్దాం. చిన్న భాషని ఎక్కణ్ణించి తెస్తామమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఉంది సార్. నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటుంది."

తండ్రిని ఒప్పించడానికి టీచరు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆయన ఇనప కొక్కెంతో ఐసు దిమ్మని ఈడ్చుకొస్తూ ఆవిణ్ణి చూసి ఆగాడు. నేలంతా ఉప్పునీళ్ళు. వెనకే కార్మికుల గదులు, వీళ్ళ ఇల్లూ అందులోనే. గోడలు నడుమెత్తున చెమ్మెక్కి పాచిపట్టి ఉన్నాయి. ఆవిడ చెప్పిందంతా ఆయన తల వంచుకుని విన్నాడు.

"అప్పుడు మాట్లాడిందని చెవి మెలేశారు. ఇప్పుడు మాట్లాడకపోతే మెలేస్తారా టీచర్?"

"తప్పు మాదేనండీ. అందుకే అడుక్కోవడానికి వచ్చాను."

ఆయన కొక్కెం మొనకి అంటిన ఐసు రాల్చాడు. ఈ ఫ్యాక్టరీలో చేరిన నాటినుంచీ ఆయన్ని 'అడివోడా' అనే పిలుస్తారు. ఆ పిలుపు కూతురి దాకా రాకూడదని ఆయన బాధ.

"బడిలో అయితే మీ ఇష్టం. ఇంటికి మాత్రం మోసుకురావద్దనండి" అన్నాడు చివరికి.

మొదటి బుధవారం ఆ పిల్ల తెర ముందు నిలబడి ముక్కు ముట్టుకుని ఒక మాట అంది. సముద్రం అవతల పాతికమంది పిల్లలు ముక్కులు పట్టుకుని అదే మాట అన్నారు. పిల్ల ఉలిక్కిపడింది. నానమ్మ పోయాక తన మాట మళ్ళీ తనకి వినపడడం అదే మొదటిసారి. ఈసారి చెయ్యి చూపించి ఇంకో మాట అంది. ఆ తరవాత ఆపడం టీచరు వల్ల కాలేదు. నీళ్ళు, అరటిపండు, ఎండ, నిద్ర. అవతలి పిల్లలు తమ దీవి భాషలో వాటికి ఏమంటారో చెప్పారు. ఇవతల క్లాసంతా నోరు తిరక్క పడీపడీ నవ్వింది. ఈసారి ఎవరి చెవీ మెలితిరగలేదు.

నెల తిరక్కుండానే మూగమ్మ పేరు పోయి 'చిన్న టీచరు' పేరు వచ్చింది. వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి వచ్చింది. బుధవారం అంటే అమ్మ లేపకముందే లేచి, తనే జడ వేసుకుని కూర్చునేది.

రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలందరూ మైదానం చుట్టూ పరిగెత్తాలి. అదీ ఒప్పందంలో భాగమే. ఒక బుధవారం పరుగు అవగానే టీచరు తెర వెలిగించింది. ఒంట్లో ఎలా ఉందో ఎవరి భాషలో వాళ్ళు చెప్పడం ఆ రోజు పాఠం. అందరికన్నా వెనక వచ్చిన ఆ పిల్ల మెట్టు మీద కూలబడి రెండు చేతులూ గుండెకి ఆనించుకుంది.

"చెప్పు చిన్న టీచరూ, నీకెలా ఉంది?"

పిల్ల తన భాషలో ఒక ముక్క అంది. మన మాటల్లో చెప్పమంటే తడుముకుంటూ, "లోపల కుందేలు దూకుతోంది" అంది.

క్లాసంతా కేరింతలు కొట్టింది. టీచరు ముఖం చాటంత అయింది.

"ఎంత బాగుందే! అంటే, బాగా ఉషారుగా ఉందనా?"

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. అంత సంతోషంగా ఉన్న ముఖానికి కాదని ఎలా చెప్పాలో తెలియలేదు. తలూపింది. టీచరు ఏం అడిగినా తలూపడం బడిలో ఆ పిల్లకి అన్నిటికన్నా ముందు వచ్చిన చదువు.

అంతే, ఆ మాట రెండు బడుల్నీ ఊపేసింది. గోడ మీద కుందేలు బొమ్మ వెలిసింది. రోజూ పరుగు మొదలయ్యే ముందు పిల్లలంతా ఆ ముక్కని ఆ భాషలోనే ముమ్మారు అరిచేవాళ్ళు. అవతలి బడివాళ్ళు అట్టముక్కలతో కుందేలు చెవుల టోపీలు చేసుకున్నారు. హెడ్మాస్టరు వచ్చినవాళ్ళందరికీ ఆ బొమ్మ చూపించి, "మా బడి నినాదం" అని చెప్పుకునేవాడు.

ఇంట్లో పిల్లకి మోకాళ్ళ నొప్పులు వచ్చేవి. ఎదిగే పిల్లల నొప్పులేనని అమ్మ నూనె రాసేది. గొంతునొప్పి, జ్వరం ఆ గదుల్లో పిల్లలందరికీ ఉన్నవే, వచ్చి పోయేవి. ఈమధ్య పిల్ల పడుకోవడం మానేసి గోడకి జారగిలబడి నిద్రపోయేది.

"వెల్లకిలా పడుకోవే, మెడ పట్టేస్తుంది."

"ఇలాగే బాగుందమ్మా."

"రేపు బడి మానెయ్యి పోనీ."

"బుధవారం నేను లేకపోతే ఎవరు చెప్తారు?"

బడికి నర్సు వచ్చి పిల్లలందర్నీ తూచింది, పళ్ళు చూసింది. ఈ పిల్లని ఆయాసం వస్తుందా అని అడిగింది. ఆయాసం అన్న మాట పిల్ల ఎప్పుడూ వినలేదు. రాదంది. బరువు పెరిగిందని నర్సు మెచ్చుకుంది. పాదాలు వాచి చెప్పులు బిగుతైన సంగతి ఎవరూ గమనించలేదు.

ఏడాది చివర్లో అవతలి బడి హెడ్మిస్ట్రెస్ విమానమెక్కి వచ్చింది. తల్లిదండ్రులందర్నీ పిలిచారు. చిన్న టీచరు అమ్మానాన్నలకి ముందు వరసలో కుర్చీలు వేశారు. నాన్న అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, ఎక్కడ నలుగుతుందోనని వీపు ఆన్చకుండా కూర్చున్నాడు. ఆయన్ని ఎవరైనా ముందు వరసలో కూర్చోబెట్టడం అదే మొదలు.

కుందేలు చెవులు పెట్టుకున్న పిల్లలు మైదానంలో వరసగా నిలబడ్డారు. అందరికీ ముందు ఆయన కూతురు. హెడ్మాస్టరు ఈల ఊదగానే పిల్లలంతా గొంతెత్తి ఆ మాట అరిచి పరుగందుకున్నారు.

నాన్న లేచి నిలబడ్డాడు. తను పుట్టిన భాష మైదానమంతా మారుమోగుతుంటే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమంటున్నారు వీళ్ళు?" అని పక్కనే ఉన్న టీచర్ని అడిగాడు. "ఈ మాట ఎవరు చెప్పారు వీళ్ళకి?"

"మీ అమ్మాయేనండీ! ఒంట్లో ఉషారుగా ఉన్నప్పుడు..."

"ఉషారేంటి టీచర్! ఊపిరందనప్పుడు అనే మాట అది. మా అక్క ఇదే మాట అంటూ అంటూ పోయింది. ఎప్పుడంది ఇది? ఎన్నాళ్ళయింది?"

ఆయన మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి పరిగెత్తాడు. అప్పటికే పిల్లల వరస మలుపు తిరిగింది. ముందు పరిగెత్తాల్సిన పిల్ల వెనకపడి, నడుస్తూ, నిలబడి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చింది. నాన్న చేరేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. చుట్టూ జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగినవాటన్నిటికీ అమ్మ ఔననే చెప్పింది. గొంతునొప్పులు వచ్చేవా, ఔను. మోకాళ్ళు వాచేవా, ఔను. కూర్చుని నిద్రపోయేదా, ఔను.

"ఆ జ్వరాలు గుండె కవాటాల్ని తినేశాయమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆయాసం మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే మందులతో చాలావరకు నిలబెట్టేవాళ్ళం. పిల్ల ఎవరితోనూ చెప్పుకోలేదా?"

"చెప్పుకుంది" అన్నాడు నాన్న. "ఊరందరికీ చెప్పుకుంది."

వరండాలో అమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "మనతో ఎందుకు అనలేదు? నీతో ఎందుకు అనలేదు?" అని అడిగింది. ఆ మాటలు ఇంటికి తేవద్దన్నది తనేనని ఆయనకి తెలుసు. గోడకి తిరిగి నిలబడ్డాడు.

తరవాతి బుధవారం హెడ్మాస్టరు టీచర్ని పక్కకి పిలిచాడు.

"చిన్న నీరసం అని చెప్పండి. అవతల కూడా చిన్నపిల్లలు, బెదిరిపోతారు. బడి పేరు కూడా..."

టీచరు సరేనంది. తెర వెలిగింది. కుందేలు టోపీల పిల్లలు చిన్న టీచరు ఏదని అడిగారు. టీచరు నీరసం అనబోయి ఆగింది. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో చెప్పింది. తను తప్పుగా అర్థం చేసుకున్నానని, అడగాల్సినవాళ్ళని అడగలేదని, ఆ పిల్ల ఇప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉందని చెప్పింది. అవతలి టీచరు చేత్తో నోరు మూసుకుంది. పిల్లల్లో ఒకడు మెల్లగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కవాళ్ళూ తీశారు. ఇవతలి క్లాసులో ఎవరో వెక్కడం మొదలెట్టారు. హెడ్మాస్టరు వచ్చి తెర ఆర్పేశాడు. "రేపటినుంచి ఈ పని ఇంకొకరు చూసుకుంటారు" అన్నాడు. ఆవిడ సంచి తీసుకుని తిన్నగా ఆసుపత్రికి నడిచింది.

వార్డులో చివరి మంచం. పిల్ల దిండ్ల మీద ఒరిగి ఉంది, కళ్ళు సగం మూతలు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. నాన్న మంచం పక్కన నేల మీద మోకరిల్లి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుతున్నాడు. తన భాషలో మాట్లాడుతున్నాడు. ఆగకుండా, గబగబా, ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారే ఒంపేస్తున్నట్టు. పిల్ల ఒకసారి పెదాలు కదిపింది. ఆయన ఇంకా దగ్గరికి జరిగి, తలూపి, మళ్ళీ మాట్లాడాడు.

టీచరు మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. అమ్మ తలెత్తి చూసింది. తిడుతుందనుకుంది టీచరు. ఆమె తిట్టలేదు.

"టీచర్, మీరు నేర్చుకున్నారు కదా ఆ భాష. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో నాకు చెప్పండి. నా బిడ్డ ఏమడుగుతోంది?"

టీచరు చెవులు రిక్కించి వింది. ముక్కు, చెయ్యి, అరటిపండు, నీళ్ళు, ఎండ. తనకి వచ్చినవి అవే. ఆ పారుతున్న మాటల్లో ఒక్కటీ వాటిల్లోది లేదు. ఒక్కసారి మాత్రం నిద్ర అన్న మాట వినపడినట్టు అనిపించింది, అదీ నమ్మకం లేదు.

"తెలియదమ్మా" అంది.

అమ్మ మళ్ళీ పాదాల వైపు తిరిగి, చీర చెంగుతో వాటిని కప్పింది. తెల్లవారేలోపు పిల్ల పోయింది. నాన్న మాట్లాడడం మాత్రం ఆపలేదు. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చెబుతూనే ఉన్నాడు.