ముప్పై ఒక్కరి ఆకలి

సెంటినరీ కాలనీలో సాయంత్రం నాలుగు కొట్టగానే రాజకుమారి చాయ్ గ్లాసు పక్కన పెట్టుకొని ఫోను తీసేది. భర్త జగదీశ్వర్ బొగ్గుబాయిలో సెకండ్ షిఫ్టుకు పోయినా, ఫస్ట్ షిఫ్టు దిగివచ్చి గురక పెడుతున్నా, ఆ గంట మాత్రం ఆమెదే. ఫేస్‌బుక్‌లో వాళ్ళ గ్రూపు పేరు 'నాలుగు గంటల చాయ్'. దాన్ని మొదలుపెట్టింది రాజకుమారే. ఆమెతో కలిపి మొత్తం ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు. ఏం వండారు, ఎవరి పిల్లకు జ్వరం, ఎవరి అత్త ఏ మాట అన్నది, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు గీకుతూ చెప్పుకునేవారు. గోదావరిఖనిలో బట్టలు కుట్టే జూహీ ఉండేది, శ్రీరాంపూర్ నుంచి సారలమ్మ టీచరు ఉండేది, దూరాన మహారాష్ట్రలోని భివండిలో ఉంటానని చెప్పి పువ్వు బొమ్మ తప్ప మొహం చూపించని సన్నజాజి ఉండేది.

గ్రూపులో ఏది రాస్తే అది అందరికీ అందేది. జూహీ రంజాన్‌కు షీర్ ఖుర్మా వండుకున్నానని రాస్తే ముప్పై నోళ్ళలో ఖర్జూరం తగిలేది. సారలమ్మకు పన్ను నొప్పి లేస్తే అందరి దవడలూ తలా కాస్త లాగేవి, ఆమె మాత్రం హాయిగా పడుకునేది. దగ్గరున్నవాళ్ళకు ఎక్కువ, దూరమున్నవాళ్ళకు తక్కువ. దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. "ఉప్పెక్కువైంది జూహీ" అని కసురుకోవడం వరకే. పెళ్ళాం ఏమీ తినకుండానే పుల్లగా తేన్చితే మొగుళ్ళు "ఎవరింట్ల పులుసు ఇయ్యాల?" అని అడిగి మళ్ళీ పేపరు చూసుకునేవారు.

రెండువేల పదమూడు ఎండాకాలంలో జగదీశ్వర్ డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ వారం ముప్పైమంది ఆడవాళ్ళు బస్సుల్లో, కుట్టు మిషన్ల ముందు, కూరగాయల అంగట్లో నిలబడి ఏడ్చారు. ఆ ఏడుపంతా తనొక్కతే ఏడవాల్సి వస్తే తను కూడా పోయేదాన్నని రాజకుమారి తర్వాత చాలాసార్లు అన్నది.

దినాలు అయ్యాక తల్లిగారు ఆమెను పుట్టింటికి నిద్రకు తీసుకుపోయారు. అది ఆచారం. ఆచారం తీర్చుకొని నెలకు తిరిగొస్తే తన క్వార్టర్ తలుపుకు కొత్త తాళం కనిపించింది. మరిది సదయ్య, అతని పెళ్ళాం సంతోషి రెండు వరసల అవతలి కిరాయి గది ఖాళీ చేసి వచ్చి కాపురం పెట్టేశారు.

సదయ్య మాట మెత్తన. "ఆడమనిషివి, నీకు డ్యూటీ ఏంది వదినా? అన్న ఉద్యోగం నాకు రాసియ్యి. ఒక్క సంతకం. నీకింత అన్నం నేను పెడ్త," అన్నాడు గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"నాకింత అన్నం పెట్టేటానికి నువ్వెవరు? పది చదివిన. నా ఉద్యోగం నేను జేసుకుంట. ఫైలు ఇయ్యి."

ఫైలు అంటే బీరువాలో ఉన్న నీలం ప్లాస్టిక్ సంచి. పెళ్ళి సర్టిఫికెట్, భర్త చావు సర్టిఫికెట్, ఆమె పదో తరగతి మెమో, అన్నీ అందులోనే ఉన్నాయి. దరఖాస్తుతో పాటు అవి పెడితేనే, చనిపోయిన భర్త బదులు కంపెనీ ఇచ్చే ఉద్యోగం. గడువు రెండు వారాల్లో, శనివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకు. ఆ కాగితాలన్నీ మళ్ళీ తీయించాలంటే నెల పడుతుంది. సోమవారం మొగుడూపెళ్ళాలు తాళం వేసి సంతకు పోయే వేళ చూసి, తాళాలు చేసేవాణ్ణి వెంటబెట్టుకొని వస్తానని ఆమె ముందే గ్రూపులో రాసుకుంది. ఆ సోమవారం సదయ్య సంతకు పోలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకొని పల్లీలు తింటూ కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున రాజకుమారి తన ఇంటి మెట్ల మీద చాప పరుచుకుంది. ఆడవాళ్ళు ఇట్లా ఇంటి ముందు కూర్చోవడం ఆ ప్రాంతంలో కొత్త కాదు. వారం వారం జిల్లా పేపర్లో ఎవరిదో ఒకరి ఫొటో పడుతూనే ఉంటుంది. క్వార్టర్ల వరసలో జనం వచ్చి చూసి, ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు.

"ఫైలు చేతికొచ్చేదాకా మెతుకు ముట్ట," అంది కిటికీకి వినపడేలా.

"కూసో వదినా, మంచిగ కూసో. శనివారం దాటనియ్యి, నేనే వచ్చి నిమ్మకాయ నీళ్ళు తాపుత," అన్నాడు సదయ్య లోపలి నుంచి.

ఈ సంగతి గ్రూపులో రాయగానే జూహీ నుంచి జవాబు వచ్చింది. "ఫికర్ జెయ్యకు అక్కా. నువ్వు తినకు. నీ బదులు మేం తింటం."

చెప్పినట్టే తిన్నారు. పొద్దున సారలమ్మ ఉప్మా, పదకొండింటికి బసంత్‌నగర్ నుంచి ఎవరిదో మిర్చి బజ్జి, మధ్యాహ్నం జూహీ బగారన్నం. చాప మీద కూర్చున్న రాజకుమారికి ఒకదాని వెనక ఒకటి కడుపులో దిగాయి. మూడో రోజుకు మొహం కూడా కాస్త నిగ్గుతేలింది. మంగళవారం సాయంత్రం పెద్దమనుషులను వెంటబెట్టుకొని సదయ్య బయటికి వచ్చినప్పుడు ఆమె ఆపుకోలేక పెద్దగా తేన్చింది. వరసంతా మసాలా వాసన వచ్చింది.

"చూసిండ్రా! నిరాహార దీక్షల కూసొని తేన్పులేంది?" అన్నాడు సదయ్య.

పక్క క్వార్టర్ ఐలవ్వ అడ్డం వచ్చింది. "దాని తరఫున ముప్పైమంది తింటున్నరు. తేన్పు రాక ఏమొస్తది?"

"గదే నేననేది. ఊరంత తింటుంటే గది దీక్ష ఎట్లయితది?"

పెద్దమనుషులు ఆలోచించి, సదయ్య మాటలో న్యాయం ఉందన్నారు. ఆకలి లేని దీక్షకు తాము మాట సాయం చేయలేమని చాయ్ తాగి వెళ్ళిపోయారు. రాజకుమారికి అవమానమనిపించింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆమె కొంగు బిగించుకొని కూర్చుంటుంది. ఆ రాత్రి ఐలవ్వ వరండాలో నడుం వాల్చి, తెల్లారగానే మళ్ళీ చాప మీదికి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం వంటింటి కిటికీ నుంచి చేపల పులుసు వాసన వచ్చింది. దాంట్లో మాడిన పోపు వాసన కూడా ఉంది. సంతోషి వంట ఎప్పుడూ అంతే. పొయ్యి మీద నూనె పెట్టి ఏదో ఆలోచిస్తూ నిలబడుతుంది. యారాలి వంటను తిట్టుకోవడం రాజకుమారికి పాత అలవాటు, ఇప్పుడు కూడా తిట్టుకుంది. అంతలో ఫోను మోగింది. భివండి నుంచి సన్నజాజి.

"అక్కా, ఇయ్యాల చేపల పులుసు. మొదటి ముద్ద నీదే."

మరుక్షణం ఆమె నోట్లో చేపల పులుసు పడింది. పులుపు, కారం, మాడిన పోపు. భివండి నుంచి వచ్చే రుచి అంత ఘాటుగా ఉండదు. పక్క గదిలో ఎవరో ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టుంది.

రెండేళ్ళుగా తను దాచుకోకుండా చెప్పుకున్నవన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకు వచ్చాయి. పిల్లలు పుట్టలేదని ఏడ్చింది ఈమె దగ్గరే. తాళాలవాడి సంగతి రాసింది కూడా ఈమె చదివే చోటే. సన్నజాజి అంటే సంతోషేనని జూహీకి ఫోను చేసి చెప్పింది.

"పంపేయ్ అక్కా దాన్ని! ఇప్పుడే గ్రూపుల నుంచి తీసెయ్యి," అని అరిచింది జూహీ. "మనింట్లనే దొంగ!"

"తియ్య. ఉంటదో పోతదో గామెనే తేల్చుకోనియ్యి."

ఫోను పెట్టేసి రాజకుమారి చాలాసేపు టైపు చేసింది. "ఇయ్యాల్టి సంది నా తరఫున ఎవ్వరు తినద్దు. నాకు ఆకలైతంది. గదే మీకు పంపుతున్న. ఓర్సుకోలేనోళ్ళు గ్రూపుల నుంచి పోవచ్చు, నేనేం అనుకోను. సన్నజాజీ, నువ్వు గూడ పోవచ్చు."

ఆకలి బయలుదేరింది. గోదావరిఖనిలో జూహీ రెండుసార్లు అన్నం తిని కూడా జాకెట్టు చేతులు తప్పుగా కత్తిరించింది. శ్రీరాంపూర్‌లో సారలమ్మ టీచరు ఎక్కాలు చెబుతూ చెబుతూ పిల్లల మధ్యాహ్న భోజనం గిన్నెల వైపు చూస్తూ ఉండిపోయింది. బసంత్‌నగర్‌లో ఒకామె బస్సు దిగి తిన్నగా బండి దగ్గరికి పోయి నాలుగు ప్లేట్ల ఇడ్లీ తిని, ఐదోది అడిగింది. ఎంత తిన్నా ఒక మూల ఆకలి అట్లాగే ఉంది. తిట్టినవాళ్ళు ఉన్నారు. అయినా సాయంత్రం నాలుగింటికి రాజకుమారి గ్రూపు తెరిచి చూస్తే ముప్పై ఒక్కరూ ఉన్నారు. గురువారం ముప్పై ఒక్కరు. శుక్రవారం ముప్పై ఒక్కరు.

అందరికంటే దగ్గరున్నది సంతోషి. మధ్యన తలుపు ఒక్కటే అడ్డం. లోపల పొద్దస్తమానం గిన్నెల చప్పుడు. "ఎంత తింటవే? మూడుసార్లు వండితివి, ఇంకా ఏం వండుతవు?" అని సదయ్య అరవడం మెట్ల మీదికి వినపడేది. రాజకుమారికి కళ్ళు తిరుగుతున్నాయి, నాలుక ఎండిపోయింది. కానీ వెనక్కి తగ్గే ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. సంతోషి గ్రూపు నుంచి పోయే బటన్ ఒక్కటి నొక్కితే ఆమె ఆకలి తీరిపోతుంది. నొక్కుతుందా లేదా అన్నదే రాజకుమారి ఎదురుచూపు.

శనివారం పొద్దున పది దాటాక తలుపు తెరుచుకుంది. సంతోషి వచ్చి గడప లోపల నిలబడింది. మూడు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి. చంకలో నీలం సంచి ఉంది.

వెనకాలే సదయ్య నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏడికే?"

"ఆఫీసుకు."

"గడప దాటినవనుకో, మళ్ల ఇంట్లకు రానియ్య!"

సంతోషి వెనక్కి తిరిగింది. ఆమె మొగుడితో అంత గట్టిగా మాట్లాడటం అతను గానీ, ఐలవ్వ గానీ, వరసలో మరెవరు గానీ ఎన్నడూ వినలేదు. "రానియ్యనీకి ఇల్లు నీదా? అక్కది. రమ్మంటదో పొమ్మంటదో అక్క చెప్తది. నడుమ నువ్వెవరు?"

సదయ్య సంచి పట్టుకోబోయాడు. రాజకుమారి లేచి గడప మీద కాలు పెట్టింది. తల్లిగారింటికి పోయినప్పటి నుంచి ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

"పక్కకు జరుగు సదయ్యా."

అతను ఆమెను చూశాడు. వరస పొడుగునా గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు. ఐలవ్వ చేతిలో చీపురు చూశాడు. నోట్లో నురగ మింగి పక్కకు జరిగాడు.

ఆటో సగం దూరం పోయాక రాజకుమారే అడిగింది. "రెండేండ్లు నాతోని గన్ని ముచ్చట్లు పెట్టినవు. నేను ఫలానా అని ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్తే మాట్లాడుదువా అక్కా? ఎదురుపడ్డప్పుడు ఎన్నడన్న చెల్లె అని పిలిచినవా? మాడ్చినవు, ఒలకపోసినవు, గంతే. గ్రూపుల మాత్రం సన్నజాజీ తిన్నవా, సన్నజాజీ నిద్రపోయినవా అని ఎంత మంచిగ అడుగుతుంటివి."

రాజకుమారికి సిగ్గేసింది. అబద్ధమని అనడానికి లేదు. "తాళాలాయన ముచ్చట సదయ్యకు చెప్పింది నువ్వేనా?" అంది.

"నేనే." సంతోషి సంచిని గుండెకు అదుముకుంది. "కొడ్తడని భయపడి చెప్పిన. ఆ దినం నువ్వు పల్లీల పొట్టు మధ్యన నిలబడి ఏడుస్తుంటే కిటికీల నుంచి చూసిన. మళ్ల ఏది చెప్పలే."

"మరి గ్రూపుల నుంచి ఎందుకు పోలే? ఆకలికి చచ్చేదానివి గదనే."

"పోయి ఏడ ఉండాలె?" అంది సంతోషి. రాజకుమారి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది, ఆఫీసు వచ్చేదాకా తీయలేదు.

ఆఫీసులో కౌంటర్ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. గుమస్తా కాగితాలన్నీ తిరగేసి సరిగ్గానే ఉన్నాయన్నాడు. తర్వాత కళ్ళద్దాల మీది నుంచి చూశాడు. "ఉద్యోగం మీకా, మీ మరిదికా? ఆయన కూడా అడుగుతున్నడని విన్న."

"నాకే."

"అయితే నాలుగు చోట్ల సంతకం పెట్టుండ్రి. నాలుగూ ఒక్క తీరుగ ఉండాలె. తేడా ఉంటే వాపస్ వస్తది, గడువు అయిపోతది."

రాజకుమారి పెన్ను పట్టుకుంది. నీరసానికి చెయ్యి వణుకుతోంది. పెన్ను మొన కాగితం మీద ఆనలేదు. రెండోసారి ప్రయత్నించింది, అదే వణుకు. వెనకాల వరసలో ఎవరో విసుక్కున్నారు.

"ఒక్క నిమిషం సార్," అని పెన్ను కింద పెట్టి ఫోను తీసింది. "చెయ్యి వణుకుతంది. సంతకం పెట్టాలె. జల్ది తీస్కోండ్రి," అని రాసింది.

గోదావరిఖనిలో జూహీ సూది గుడ్డ దాటి పక్కకు పోయింది. శ్రీరాంపూర్‌లో సారలమ్మ చేతిలో సుద్దముక్క బోర్డు మీద టకటక కొట్టుకుంది. బసంత్‌నగర్‌లో ఒక చాయ్ గ్లాసు తొణికింది. కౌంటర్ పక్కనే నిలబడ్డ సంతోషికి భుజం దాకా వణుకు వచ్చి, గాజులన్నీ గలగలమన్నాయి. ఆమె రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకొని, "పెట్టక్కా, నేను పట్టుకున్న," అంది.

రాజకుమారి పెన్ను తీసుకొని నాలుగు చోట్లా ఒక్క తీరుగా, పొట్టి సంతకం కాకుండా పేరు మొత్తం రాసింది.