జాలీ వద్దన్న డ్రైవరు

బంగార్రాజు ముప్పయ్యారేళ్ళు రైలింజను నడిపి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, పనిచేసిన హిందీ ఊరి శివార్లలోనే మోప్కాలో కట్టుకున్న సొంతింటికి వచ్చిన మొదటి వారంలోనే మొగుడికీ పెళ్ళానికీ మాటామాటా వచ్చింది. ఇల్లు బాగానే కుదిరింది. ఇంటి ముందు ఏం కట్టాలన్నదే కుదరలేదు.

నీలవేణికి కావలసింది మూడడుగుల గోడ, దాని మీద ఇనప జాలీ. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, కూరలబండి ఆగితే వరండాలోంచి కదలకుండా బేరమాడొచ్చు. రైల్వే కాలనీలో ఉన్నన్నాళ్ళూ గోరింటాకు కంచె సందుల్లోంచే ఆమె ఆ వీధి మంచిచెడ్డలన్నీ చూసుకుంది. సందుల్లేకుండా పొద్దెలా పోతుందో ఆమెకి తెలీదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

బంగార్రాజుకి ఎనిమిదడుగుల గోడ కావాలి. ఎక్కడా చిల్లు ఉండకూడదు. గేటు కూడా రేకు గేటే.

"ఏటి బావా, జైలు కడతన్నావా?" అంది నీలవేణి. ఆమె అతనికి సొంత మేనత్త కూతురు. పెళ్ళికి ముందు కూడా ఇలాగే అడిగేది.

"జైలుకి కిటికీలుంటాయే," అన్నాడు బంగార్రాజు.

మేస్త్రీ రాంప్రసాద్ ఫోనులో ఫోటోలు చూపించాడు. నెమళ్ళ జాలీ, సూర్యుడి జాలీ, బాణాల జాలీ. అన్నీ అయ్యాక ఆఖర్న ఒక వట్టి గోడ. ఆ ఫోటోలో చూడ్డానికేమీ లేదు. బంగార్రాజు దాన్నే చాలాసేపు చూశాడు.

"జాలీ అచ్ఛా రహేగా బాబూజీ, హవా ఆయేగీ," అని రాంప్రసాద్ గాలి సంగతి ఎత్తాడు.

"గాలికి ఫ్యానుంది," అని తేల్చేశాడు బంగార్రాజు.

నీలవేణి దీనికి పెట్టుకున్న పేరు మొండితనం. పరాయివాళ్ళ చూపు పడకూడదని కాబోలనీ అనుకుంది. ముసలితనంలో కొత్తగా వచ్చిన గొప్పలని కూడా అనుకుంది. అసలు సంగతి బంగార్రాజు ఎవరికీ చెప్పలేదు. చెబితే, నవ్వి ఊరుకోరని తెలుసు కాబట్టే చెప్పలేదు.

వాళ్ళ ఇల్లు రెండు వీధులు కలిసే మూల మీద ఉంది. ఎదురుగా కిరాణా కొట్టు. ఎడమ వీధిలోంచి స్కూటర్లు హారను కొట్టకుండా తిరుగుతాయి. కుడి వీధిలోంచి ఆవులు వాటి ఇష్టం వచ్చినప్పుడు వస్తాయి. గోడ లేని ఆ మొదటి వారం వరండాలో కూర్చుంటే అతనికి రెండు వీధులూ కనబడేవి. స్కూటరు వాడికి ఆవు కనబడక ముందే, ఆవుకి స్కూటరు కనబడక ముందే, బంగార్రాజుకి రెండూ కనబడేవి. కుడిచెయ్యి దానంతటదే కుర్చీ చేతిని వెనక్కి లాగేది. ప్లాస్టిక్కు కుర్చీకి బ్రేకు లేదు. కానీ చేతికి ఆ సంగతి తెలిస్తేనా?

గూడ్సు బండి బ్రేకు వేసిన చోట ఆగదు. ఇంకో కిలోమీటరు పోతుంది. ఆ కిలోమీటరంతా డ్రైవరు చెయ్యగలిగింది ఒకటే, కూర్చుని చూడడం. అలా అతను నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి, బిల్హా స్టేషను దాటాక, ఒక మనిషి సైకిలు మీద బియ్యం బస్తా వేసుకుని పట్టాలు దాటుతున్నాడు. బస్తా జారింది. ఎత్తుకుందామని వంగాడు. హారను వినబడి తలెత్తాడు. అతని ముఖం బంగార్రాజుకి కనబడింది, మెళ్ళో తువ్వాలు కనబడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బండి లేటయిందని చెప్పి, చేపల పులుసుతో అన్నం తిన్నాడు.

ప్రతిసారీ విచారణ జరిగింది. ప్రతిసారీ డ్రైవరు తప్పు లేదని కాయితం ఇచ్చారు. ఆ కాయితం కళ్ళకి ఎలా చదివి వినిపించాలో మాత్రం అందులో రాయలేదు.

అందుకని గోడ. ఏదీ కనబడకపోతే ఏదీ జరగదు. అతను అంతవరకే ఆలోచించాడు.

తొమ్మిది రోజుల్లో గోడ లేచింది. పై వరస పెట్టిన సాయంత్రం నీలవేణి తన కుర్చీని టీవీ వైపు తిప్పుకుంది. టీవీ పెట్టలేదు. అలా కూర్చుందంతే. బంగార్రాజు వరండాలో టీ తాగుతూ గోడకేసి చూశాడు. గోడ అతనికేసి చూసింది. జీవితంలో ఇంత సుఖమైన సాయంత్రం లేదనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పది గంటలకి గోడ అవతల కీచుమని బ్రేకు చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

బంగార్రాజు టీ గ్లాసు కింద పెట్టాడు. కొట్టాడా? తప్పుకున్నాడా? ఎలా తెలుస్తుంది?

చలికాలంలో పొగమంచు పడితే సిగ్నలు కనబడదు. సిగ్నలు రాకముందే పట్టాల మీద పటాకా పెడతారు. చక్రం కింద అది ఢామ్మంటే, సిగ్నలు దగ్గరికొచ్చిందని డ్రైవరుకి తెలుస్తుంది. ఆ రెండు నెలలూ డ్యూటీ అంతా చెవులతోనే. ఇంజనులో ఎవరైనా దగ్గినా గుండె ఆగేది. అయితే ఆ పొగమంచు మాఘమాసం వెళ్ళేసరికి పోయేది. ఈ పొగమంచుని బంగార్రాజు ఇటుకలతో కట్టించుకున్నాడు.

లేచాడు. గేటు తీసి చూశాడు. స్కూటరు వాడు గుట్కా కొనుక్కుంటున్నాడు. ఆవు ఆవులాగే ఉంది. గేటు వేసి వచ్చి కూర్చున్నాడు. పావుగంటకి ఇంకో హారను. లేచాడు.

"చిల్లొద్దన్న మడిసి పొద్దున్నించీ పద్నాలుగుసార్లు గేటు తీసేడు," అంది నీలవేణి, ముందున్న టీవీతో.

నాలుగో రోజు మధ్యాహ్నం బ్రేకు కీచుమంది, వెంటనే ఏదో బరువైంది దబ్బుమని పడింది. బంగార్రాజు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. మోటారు సైకిలు మీంచి పాలక్యాను జారిపోయింది. పాలవాడు దాన్ని ఎత్తుకుందామని వంగి ఉన్నాడు. మెళ్ళో తువ్వాలుంది.

నీలవేణి బయటికి వచ్చేసరికి ఆమె మొగుడు వీధి మధ్యలో రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆపడానికి వీధిలో ఒక్క బండి కూడా లేదు. పాలవాడు క్యాను ఎత్తుకుని, "క్యా హువా చాచా?" అని ఏమైందో అడుగుతున్నాడు. బంగార్రాజు చేతులు దించలేదు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు సగం చొక్కా మీద పడ్డాయి. అప్పుడు చెప్పాడు. బస్తా సంగతి, ముఖం సంగతి, చేపల పులుసు సంగతి.

"ఎంతమంది?" అంది నీలవేణి.

"నలుగురు."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వూ సూస్తావని."

నీలవేణికి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అదే ఎక్కువొచ్చింది. "ఆ రోజు పులుసు బాగున్నాదా అని అడిగేను కదా! బాగున్నాదన్నావు!" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి, "బండిలో ఒక్కడివే ఉండేవోడివా?" అని అడిగింది.

"అసిస్టెంటుండేవోడు."

"ఆడేటి సేసేవోడు?"

"సిగ్నలు సూసి రంగు పైకి సెప్పాలి. నాను తిరిగి సెప్పాలి. రూలు."

నీలవేణి గ్లాసు తీసుకుని లేచింది.

మర్నాడు భోజనాలయ్యాక ఆమె రేకు గేటు బార్లా తీసి, గుమ్మంలో స్టూలు వేసుకుని వీధివైపు తిరిగి కూర్చుంది. బంగార్రాజు వరండాలో, గోడ చాటున. అతనికి ఆమె వీపు తప్ప ఏమీ కనబడ్డం లేదు.

"ఎడంపక్క స్కూటరు," అంది.

బంగార్రాజు కుర్చీలో సర్దుకున్నాడు.

"తిరిగి సెప్పవేటి? రూలన్నావు కదా?"

"స్కూటరు," అన్నాడు.

"పోనాది."

"పోనాది."

"ఆవు. కూకున్నాది."

"కూకున్నాది."

"కిరాణావోడి కోడలు. కొత్త చీర. పచ్చది."

రూలు రూలే. "పచ్చ," అన్నాడు బంగార్రాజు.

"ఆ రంగు దానికి నప్పనేదు."

"నప్పనేదు."

పావుగంటకి తిరుగుమాట రావడం ఆగిపోయింది. నీలవేణి వెనక్కి తిరిగి చూసింది. తల పక్కకి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రిటైరయ్యాక పగటిపూట అతని కన్ను మూతపడ్డం అదే మొదలు. ఆమె మళ్ళీ వీధివైపు తిరిగింది. పోయిన వాటిని పోయాయని గొంతు తగ్గించి చెబుతూనే ఉంది.

వారం పోయాక రాంప్రసాద్‌ని పిలిచారు. గేటు పక్కన గోడలో, స్టూలు మీద కూర్చున్న నీలవేణి కళ్ళ ఎత్తుకి, రెండడుగుల వెడల్పున ఇటుకలు తీసి జాలీ బిగించాలన్నారు. ఎనిమిదడుగుల గోడకి ఒక్క కిటికీయా అని అతను రెండుసార్లు అడిగాడు. నెమళ్ళ ఫోటో మళ్ళీ చూపించాడు. నీలవేణి వట్టి కమ్మీలు చాలంది.

జాలీ బిగించాక రాంప్రసాద్ చేతులు కడుక్కుంటూ, "బాబూజీ కే లియే భీ ఏక్ లగా దూఁ?" అని అడిగాడు. అంతపాటిది వరండాకి ఎదురుగా ఇంకోటి పెట్టడం గంట పని.

బంగార్రాజు గోడకేసి చూశాడు.

"ఇప్పుడొద్దు," అన్నాడు.

నీలవేణి అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎడంపక్క పాలబండి," అంది.

"పాలబండి," అన్నాడు బంగార్రాజు. కుడిచెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది.

గోడ అవతల మోటారు సైకిలు చప్పుడు దగ్గరికొచ్చింది. క్యాన్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. బండి మలుపు తిరిగింది. కిరాణా కొట్టు దాటింది. అది కనుచూపు దాటేదాకా నీలవేణి నోరు విప్పలేదు.

"పోనాది బావా," అంది.

బంగార్రాజు కుర్చీ చేతిని వదిలాడు. "పోనాది," అన్నాడు.